దెయ్యం దిగితే తర్కం చస్తుందా?

అతీంద్రియ రహస్య నవలలో ఒక చావో, ఒక మనిషి మాయం కావడమో, వైద్యులకు అంతుపట్టని జబ్బో ఉంటుంది. దానికి కారణం మనిషా, దెయ్యమా, శాపమా, చేతబడా అన్నది చివరిదాకా తేలదు. కొన్ని నవలల్లో చివరికి కూడా తేలదు. డిటెక్టివ్ నవలలాగే ఇదీ ఆధారాలు చూపిస్తుంది, సాక్షుల చేత మాట్లాడిస్తుంది, అనుమానాన్ని ఒకరి మీంచి మరొకరి మీదికి మళ్లిస్తుంది. అనుమానితుల్లో మనుషులతోపాటు కంటికి కనిపించనిది కూడా ఒకటి ఉండటమే తేడా.

ఇలాంటి నవలలు రైలు ప్రయాణంలో చదువుకోవడానికి బాగుంటాయి గానీ, నలుగురు కూర్చుని చర్చించడానికి పనికిరావన్న అభిప్రాయం చదువరుల్లో గట్టిగా నాటుకుపోయింది. దాని బలం తగ్గించకుండా చెప్పాలంటే ఆ వాదం ఇది. రహస్య నవల పాఠకుడి బుద్ధికి పెట్టే పరీక్ష. అందులోకి దెయ్యం దిగితే ఇక ఏదైనా జరగవచ్చు. ఏదైనా జరగగల చోట తర్కించడానికి ఏమీ ఉండదు. రెండవది, ఈ నవలల ప్రాణమంతా చివర్లో విప్పే ముడిలోనే ఉంటుంది. ముడి వీడాక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు, వీడకముందు మాట్లాడితే చదవనివారి ఆనందం చెడుతుంది. మూడవది, భయం ఒక్కొక్కరికి ఒక్కో తీరు కాబట్టి వీటిలో మంచిచెడ్డలు ఎంచే కొలమానం లేదు. ఎవరికి నచ్చింది వారు చదువుకోవలసిందే. నాలుగవది అన్నిటికన్నా బరువైనది. చేతబడి నెపంతో ఇప్పటికీ మనుషులను చంపుతున్న సమాజంలో ఇలాంటి కథలకు సాహిత్య గౌరవం ఇస్తే మూఢనమ్మకానికి నీళ్లు పోసినట్టే.

వీటిలో మొదటి మూడూ తప్పు. నాలుగవదానిలో నిజం ఉంది గానీ, దానినుంచి తీసిన తీర్మానం తలకిందులుగా ఉంది.

1. ‘ఏదైనా జరగవచ్చు’ అన్న మాట

ఈ వాదానికి పెద్దల అండ ఉంది. 1928లో అమెరికన్ రచయిత ఎస్.ఎస్. వాన్ డైన్ డిటెక్టివ్ కథకు 20 సూత్రాలు రాశారు. ఆత్మలను పిలవడం, ఇతరుల మనసులో మాట చదవడం, స్ఫటికపు గోళంలోకి చూసి చెప్పడం లాంటి పద్ధతుల్లో నేరం బయటపడకూడదన్నది అందులో ఒకటి. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో రోనాల్డ్ నాక్స్ 10 ఆజ్ఞలు రాసి, రెండవ ఆజ్ఞతోనే అతీంద్రియ శక్తులన్నిటినీ గడప దాటించారు. నాక్స్ కాథలిక్ మతాచార్యుడు. అద్భుతాలను నమ్మే మనిషే వాటిని కథలోంచి తీసేశారంటే, ఆ నియమం నమ్మకానికి సంబంధించింది కాదు, ఆటలో నిజాయితీకి సంబంధించింది. పాఠకుడికి చూపించని దానితో ముడి విప్పకూడదన్నదే దాని సారం.

ఆ సారాన్ని ఒప్పుకుంటే నిషేధం నిలవదు. పాఠకుడికి అన్యాయం చేసేది దెయ్యం కాదు, రచయిత చెప్పకుండా దాచిన నియమం. చివరి అధ్యాయంలో ఊడిపడే కవల సోదరుడు, ఎవరూ ఎన్నడూ వినని విషం కూడా అంతే అన్యాయం చేస్తాయి. నాక్స్ వాటినీ కాదన్నారు. అయితే కవలల విషయంలో పాఠకుణ్ని ముందే సిద్ధం చేస్తే చెల్లుతుందని సడలింపు ఇచ్చారు. ముందే సిద్ధం చేయడం కవలలకు చాలినప్పుడు దెయ్యానికీ చాలుతుంది. కనిపించనిదానికి ఏం చేతనవును, ఏం చేతకాదు, ఎప్పుడు వస్తుంది, ఎవరికి కనబడుతుంది అన్నవి కథ మొదట్లోనే తెలిస్తే, పాఠకుడు ఇనప్పెట్టె తాళం గురించి ఆలోచించినంత కచ్చితంగా దాని గురించీ ఆలోచించగలడు.

ఇది ఊహ కాదు, చేసి చూపించిన పని. రాండల్ గారెట్ 1966లో రాసిన ‘టూ మెనీ మెజీషియన్స్’లో మంత్రవిద్య ఒక శాస్త్రం. దానికి నియమాలున్నాయి, చేసేవాడికి లైసెన్సు ఉండాలి. మాంత్రికుల మహాసభ జరుగుతున్న లండన్ హోటల్లో, తాళం వేసిన గదిలో హత్య జరుగుతుంది. మంత్రంతో ఏమేం సాధ్యం కాదో పాఠకుడికి ముందే తెలుసు కనుకనే ఒక్కో అనుమానాన్నీ కొట్టేసుకుంటూ పోగలుగుతాడు.

అసలు డిటెక్టివ్ నవలలకు తలమానికంగా చెప్పుకునే పుస్తకమే ఈ వాదాన్ని నిలబడనివ్వదు. ఆర్థర్ కోనన్ డాయిల్ ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్విల్స్’ 1901, 1902 సంవత్సరాల్లో స్ట్రాండ్ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. వంశానికి శాపం, బీడు భూముల్లో తిరిగే పిశాచపు వేటకుక్క, దాని అడుగుజాడల పక్కన ఒక శవం. ఆ వంశపు వారసుడు సర్ హెన్రీ లండన్ హోటల్లో దిగగానే అతని బూటు ఒకటి పోతుంది. కొత్తది, గోధుమరంగుది, ఒక్కసారి కూడా తొడగనిది. తర్వాత అది గదిలోనే దొరుకుతుంది. ఈసారి పాత నల్లబూటు పోతుంది, అదీ ఒకటే. దొంగకు ఒంటి బూటుతో పనేమిటి? కొత్తది తిరిగి ఇచ్చి పాతది ఎందుకు పట్టుకుపోయాడు? తొడగని బూటుకు మనిషి వాసన ఉండదు. పాతదానికి ఉంటుంది. వాసన పట్టించవలసిన అవసరం ప్రాణమున్న కుక్కకే గాని శాపంలోంచి పుట్టిన పిశాచానికి ఉండదు. డిటెక్టివ్ హోమ్స్‌కు ఆ క్షణంలోనే కుక్క నిజమైనదని తెలిసిపోతుంది.

శాపం కథను ఈ నవలలోంచి తీసేస్తే ఆ బూటు హోటల్ పనివాళ్ల మీద ఫిర్యాదుగా మిగులుతుంది. దెయ్యం కావచ్చునన్న అనుమానం ఉంది కనుకనే ఒక పాతబూటు సాక్ష్యం స్థాయికి ఎదిగింది. దెయ్యం దిగితే తర్కం చస్తుందనేవారు ఈ ఒక్క బూటుకు జవాబు చెప్పాలి.

2. ముడి వీడితే మాట ముగుస్తుందన్న వాదం

తెలుగు పాఠకుల్లో చాలామంది చదువు బేతాళ కథలతోనే మొదలైంది. చందమామ దశాబ్దాల తరబడి వాటిని నడిపింది. వాటి మూలం 11వ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలో ఉంది. శ్మశానం, చెట్టుకు వేలాడే శవం, అందులో దూరిన బేతాళుడు. ఇంతకన్నా అతీంద్రియమైన చోటు లేదు. ఆ చోట జరిగేది భయపెట్టడం కాదు, ప్రశ్న వేయడం. కథ అయిపోయినచోట వాదన మొదలవుతుంది. తెలిసి కూడా జవాబు చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుంది. దెయ్యం కథకూ చర్చకూ పొత్తు కుదరదనే వాదన ఈ నేల మీద పుట్టాల్సింది కాదు.

ఆ కథల్లో తలలు తారుమారైనది ఒకటి ఉంది. గుడిలో తలలు తెగిపడిన ఇద్దరిని దేవి వరంతో బతికించబోయి, కంగారులో ఒకరి తల ఇంకొకరి మొండేనికి పెడుతుంది ఒక స్త్రీ. ఇద్దరూ లేచి నిలబడతారు. వారిలో ఆమె భర్త ఎవరు? శరీరానికి తలే ప్రధానం కాబట్టి భర్త తల ఉన్నవాడే భర్త అని విక్రమార్కుడి తీర్పు. ముడి వీడింది, జవాబు వందల ఏళ్లుగా అందరికీ తెలుసు. అయినా 1940లో జర్మన్ రచయిత థామస్ మాన్ ఆ జవాబుతో తృప్తిపడక నవలిక రాశారు. 1971లో గిరీశ్ కర్నాడ్ దాన్నే ‘హయవదన’ నాటకంగా మలిచి, తల గెలిచాక శరీరం ఊరుకుంటుందా అని అడిగారు. ముగింపు తెలియడం వల్ల చర్చ ఆగిపోయేదయితే ఈ రెండు రచనలూ పుట్టేవి కావు.

హెన్రీ జేమ్స్ 1898లో రాసిన ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. పల్లెలోని పెద్ద భవంతిలో ఇద్దరు పిల్లలకు పాఠాలు చెప్పడానికి వచ్చిన యువతికి చనిపోయిన ఇద్దరు కనబడుతుంటారు. అవి నిజంగా దెయ్యాలేనని ఎక్కువమంది పాఠకులు నమ్ముతూ వచ్చారు. 1934లో విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ ఆ దెయ్యాలు ఆ యువతి మనసులో పుట్టినవని ఒక వ్యాసం రాశారు. కథ చెబుతున్నది ఆమే. ఆమె తప్ప ఇంకెవరూ వాటిని చూశామని చెప్పరు. చెరువు గట్టున పక్కనే నిలబడిన ఇంటి పెత్తనపు ఆవిడకు కూడా ఏమీ కనబడదు. వాదం బలంగానే ఉంది. దానికి ప్రధానంగా ఎదురు నిలిచింది ఒక సన్నివేశం. కిటికీలోంచి తొంగిచూసిన మనిషి ఎలా ఉన్నాడో ఆ యువతి వర్ణిస్తుంది. ఎర్రని ఉంగరాల జుట్టు, నెత్తిన టోపీ లేదు, వేసుకున్న బట్టలు తనవి కావన్నట్టున్నాయి. విన్న వెంటనే పెత్తనపు ఆవిడ అతని పేరు చెబుతుంది. అతను చనిపోయిన నౌకరు. యువతి అతన్ని ఎన్నడూ చూడలేదు. కేవలం భ్రమ అయితే అంత సరిగ్గా ఎలా వర్ణించగలిగింది? ఊళ్లో ఎవరినైనా అడిగి తెలుసుకుందా? పెత్తనపు ఆవిడే తొందరపడి పేరు అందించిందా? దశాబ్దాలు గడిచినా ఈ వాదన నడుస్తూనే ఉంది, వాదించేవారందరికీ ముగింపు తెలుసు.

రహస్యం ముందే బయటపెట్టకూడదన్న జాగ్రత్త మాత్రం న్యాయమైనదే. అది చర్చ ఎప్పుడు మొదలుపెట్టాలన్నదానికి సంబంధించిన మర్యాద, చర్చే వద్దనడానికి కారణం కాదు. బృందంలో అందరూ పూర్తిగా చదివాక కూర్చోవడం ఒక దారి. ఒక అధ్యాయం దగ్గర అందరూ ఆగి, ఎవరి అనుమానం వారు కాగితం మీద రాసి మడిచిపెట్టి, చదవడం ముగిశాక విప్పిచూసుకోవడం ఇంకో దారి. వారపత్రికల సీరియళ్ల కాలంలో తెలుగు పాఠకులు చేసిందీ అదే. ఈ వారం సంచిక చదివి, మళ్లీ వారం సంచిక వచ్చేదాకా ఆఫీసుల్లో, హాస్టళ్లలో, అద్దె పుస్తకాల షాపుల దగ్గర ‘వాడు చేయించాడా, రోగమా’ అని వాదించుకున్నారు. 

3. కొలమానం లేదన్న సాకు

ఫ్రెంచి విమర్శకుడు త్స్వెతాన్ తోదొరోవ్ 1970లోనే ఈ తరహా కథలకు ఒక గీత గీశారు. జరిగినదానికి లోకసహజమైన కారణం ఉందా, లేదా అని పాఠకుడు ఊగిసలాడినంతసేపే ఈ రకం కథ బతికి ఉంటుందన్నది ఆయన ప్రతిపాదన. కారణం దొరికితే అది ఒక వైపుకు, అతీంద్రియమే నిజమని తేలితే ఇంకో వైపుకు ఒరిగిపోతుంది. ఈ గీత చాలు, పుస్తకం ఎంచుకోవడానికి. ఊగిసలాట ఎంతసేపు నిలిచింది, దాన్ని నిలిపింది ఆధారాలా లేక అర్ధరాత్రి, వాన, తీతువు కూత లాంటి అలంకారాలా అని చూడవచ్చు.

కథ చెప్పేది ఎవరన్నది ఇంకో ప్రశ్న. భయపడుతున్న మనిషే చెబుతుంటే, లేదా ఆ మనిషి కళ్లతోనే కథ నడుస్తుంటే, ప్రతి వాక్యం సాక్ష్యమవుతుంది, ప్రతి సాక్ష్యం అనుమానానికి లోనవుతుంది. షర్లీ జాక్సన్ 1959లో రాసిన ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ గొప్పతనం అక్కడుంది. ఇల్లు అక్కడికి అతిథిగా వచ్చిన ఎలినర్‌ను పట్టుకుందా, ఎలినరే ఇంటిని పట్టుకుందా అన్నది పేజీ పేజీకీ మారుతుంది.

ముగింపు తేల్చకుండా వదిలేసిన పుస్తకాన్ని అడగవలసిన ప్రశ్న వేరు: ఆ సందిగ్ధతకు ముందునుంచీ ఏర్పాటు జరిగిందా, లేక రచయితకు దారి తెలియక ఆపేశాడా? జాన్ డిక్సన్ కార్ 1937లో రాసిన ‘ది బర్నింగ్ కోర్ట్’ దీనికి మంచి పరీక్ష. శవపేటికలోంచి శవం మాయం కావడానికి, తలుపులేని గోడలోంచి ఒక స్త్రీ వెళ్లిపోవడానికి నవల పూర్తి లౌకికమైన వివరణ ఇస్తుంది. పాఠకుడు ఒప్పుకుంటాడు. ఆ తర్వాత వచ్చే కొద్ది పేజీల ముక్తాయింపు, ఆ వివరణ అంతా తప్పయి ఉండవచ్చని, ఆ స్త్రీ నిజంగానే మంత్రగత్తె అని సూచించి ఆగిపోతుంది. దేవవాణి మీద, మాయమంత్రాల మీద ఆధారపడబోమని ప్రమాణం చేసిన లండన్ డిటెక్షన్ క్లబ్‌లో కార్ సభ్యుడే. ఆ ముక్తాయింపు చదివాక మొదటి పేజీకి వెళ్లి చూస్తే, రెండు వివరణలకూ సరిపడే విధంగా ఆధారాలు పరిచి ఉన్నాయా లేదా అన్నది ఎవరైనా తేల్చుకోవచ్చు. ఇది రుచికి వదిలేసే విషయం కాదు, పేజీ నంబరుతో సహా చూపించి వాదించగల విషయం.

నచ్చింది నచ్చలేదు అన్నదానితో ఆపేసే అలవాటు పాఠకుల్లో ఉంది. దాన్ని పుస్తకాల లోపంగా చూపించడం సరికాదు.

4. మూఢనమ్మకం మాట

ఇది తేలిగ్గా తీసిపారేయవలసిన అభ్యంతరం కాదు. తెలంగాణలో బాణామతి, చేతబడి అని, ఉత్తరాంధ్రలో చిల్లంగి అని ముద్రవేసి మనుషులను కొట్టారు, పళ్లు రాలగొట్టారు, సజీవంగా తగలబెట్టారు. ఆ ముద్ర పడినవారిలో ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు, భూమి తగాదాల్లో ఉన్నవాళ్లు ఎందరో. ఇంత జరిగిన చోట క్షుద్రవిద్యను నిజమైన శక్తిగా చూపించే కథ అమాయకమైన కాలక్షేపం అని ఎవరూ అనలేరు.

కానీ ఆ హత్యల వెనుక ఉన్న ఆలోచనను దగ్గరగా చూడాలి. పిల్లవాడికి జ్వరం తగ్గలేదు, డాక్టరు మందు పనిచేయలేదు, కాబట్టి ఎవరో చేయించారు. పక్కవీధి ముసలమ్మ మొన్న పిల్లవాణ్ని ముద్దుచేసింది, కాబట్టి ఆమే చేసింది. ఆమె ఒప్పుకోవడం లేదు, కాబట్టి గట్టి మంత్రగత్తె. ఈ మూడు ‘కాబట్టి’ల్లో ఒక్కదానికీ ఆధారం లేదు. మొదటి దగ్గర రెండో డాక్టరు దగ్గరికి వెళ్లి ఉండాల్సింది. రెండో దగ్గర ఆ రోజు పిల్లవాణ్ని ముట్టుకున్నవారందరి పేర్లూ రాసి ఉండాల్సింది. మూడో దగ్గర, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నేరమే రుజువయ్యే పరీక్ష పరీక్షే కాదని ఎవరైనా చెప్పి ఉండాల్సింది. బాస్కర్విల్ బూటును పట్టుకుని ఆలోచించిన పాఠకుడు సాధన చేసేది సరిగ్గా ఈ ప్రశ్నలనే. దెయ్యం అనే అనుమానాన్ని ఎదురుగా పెట్టుకుని, జడవకుండా, సాక్ష్యం అడగడం నేర్పే సాహిత్యం ఇంకొకటి లేదు.

అన్ని నవలలూ ఈ పని చేయవు. ఆధారం లేకుండానే ఒకరిని మంత్రగాడిగా నిలబెట్టి, వాడి చావుతో పాఠకుణ్ని తృప్తిపరిచే నవల ఆ ఊరి మూక ఆలోచననే అచ్చువేస్తుంది. దానికీ, సాక్ష్యం అడిగించే నవలకూ తేడా పట్టుకోవాలంటే రెండూ చదవాలి, పక్కపక్కన పెట్టి మాట్లాడాలి. రెండిటినీ కలిపి ‘క్షుద్ర సాహిత్యం’ అని మూలకు తోసేస్తే ఎవరికి లాభం? చెడ్డ నవలకే. దాన్ని ఎవరూ నిలదీయరు, అది నిశ్శబ్దంగా లక్షల చేతులు మారుతుంది. మంచి నవల మాత్రం చెడ్డదానితో పాటు నింద మోస్తుంది. మూఢనమ్మకాల ముసుగులో సాగే అకృత్యాల మీద మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో చట్టాలు చేశాయి. అవి గురిపెట్టింది మోసం మీద, హింస మీద, కథల మీద కాదు. కథను నిలదీయడం చట్టం చేసే పని కాదు, చదువరులే చేయాలి.

తెలుగులో ఆ పని ఒకసారి గట్టిగానే జరిగింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ 1980ల తొలినాళ్లలో ఆంధ్రభూమి వారపత్రిక పాఠకులను ఊపేసింది. ఒక చిన్నపిల్ల మీద ప్రయోగం జరుగుతుంది. ఒకవైపు డాక్టర్లు, హిప్నాటిజం తెలిసినవాళ్లు, ఇంకోవైపు ఆ ప్రయోగాన్ని తిప్పికొట్టాలని చూసేవాళ్లు. రెండు దారులూ సమాంతరంగా పరుగెత్తుతాయి. రంగనాయకమ్మ ఆ నవల మీద ‘తులసిదళం కాదు, గంజాయిదమ్ము’ అని నిప్పులు కురిపిస్తూ విమర్శ రాశారు. చర్చకు పనికిరాని నవలే అయితే అంత పదునైన రచయిత్రి దాని మీద అంత శ్రమ పెట్టరు. ఆమె తీర్పుతో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. చర్చ వద్దనేవారి పక్షాన మాత్రం ఆమెను చేర్చుకోలేరు.

ఆ నవల చుట్టూ అడగవలసినవి ఇంకా మిగిలే ఉన్నాయి. శాస్త్రానికీ మంత్రానికీ సమాన తూకం వేయడం నిష్పాక్షికత అవుతుందా, లేక రుజువైనదాన్నీ రుజువు కానిదాన్నీ ఒకే పళ్లెంలో పెట్టడం అవుతుందా? మన నవలల్లో క్షుద్రవిద్య తెలిసినవాడు ఎక్కువగా అడవిలోని ఆదివాసీ పల్లెలోనే ఎందుకు ఉంటాడు, దాన్ని డబ్బిచ్చి చేయించినవాడు పట్నంలో ఎందుకు ఉంటాడు? భయం ఎవరి మీద మిగులుతుంది, మొదటివాడి మీదా, రెండోవాడి మీదా? ఈ ప్రశ్నలు వేయని పాఠకుడు నవలను ఆనందించి పక్కన పెడతాడు, భయం అతనితోనే ఉండిపోతుంది. అభ్యంతరం చెప్పేవారు దేనికి భయపడుతున్నారో అదే జరుగుతుంది, వారు కోరిన మౌనం వల్లనే జరుగుతుంది.

పఠన బృందాలు ‘తులసిదళం’నూ రంగనాయకమ్మ విమర్శనూ ఒకే నెలకు ఎంచుకోవాలి. రెండూ పూర్తిగా చదివినవారే కూర్చోవాలి. చేతబడి జరిగిందని వాదించేవారినీ, జబ్బేనని వాదించేవారినీ, మొత్తం కథే ప్రమాదమనేవారినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఎవరు ఏం చెప్పినా ఏ పేజీలో ఉందో చూపించమని అడగాలి.